ఇష్టమైన బొమ్మ ఫోటోలో ఉండదు

"మీ చిన్ననాటి ఫోటోల్లో మీకెంతో ఇష్టమైన బొమ్మతో దిగినది ఏదైనా ఉందా? ఆ ఫోటో చూపించి, బొమ్మ జ్ఞాపకాలు పంచుకుంటారా?" అన్నది ప్రశ్న.

లేదు. ఉండే అవకాశమూ లేదు. నా మటుకు నేను ఎప్పుడో తేల్చుకున్నాను: ఫిల్ము కెమెరాల కాలంలో పెరిగిన వాళ్లెవరికీ ప్రాణమైన బొమ్మ ఫోటోలో దొరకదు. ఫోటోలో చేతికిచ్చిన బొమ్మ ఒకటి, దిండు కింద దాచుకున్న బొమ్మ ఇంకొకటి. ఎవరైనా పాత ఫోటో చూపించి "ఇదిగో, చిన్నప్పుడు నా ప్రాణమంతా దీని మీదే" అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అంత ఇష్టమైనదైతే ఇంత శుభ్రంగా ఎందుకుంది? చెవి ఎందుకు ఊడలేదు? ఒక్క చక్రమైనా ఎందుకు పోలేదు?

కారణం సులువుగానే అర్థమవుతుంది. 120 రకం ఫిల్ము చుట్ట వేస్తే చదరపు ఫోటోలు 12 వచ్చేవి. తరువాత వచ్చిన 35 మిల్లీమీటర్ల రీలులో 24, లేదంటే 36. ఆ కాసిని ఫోటోల్లోనే పుట్టినరోజులూ, చుట్టాలూ, ప్రయాణాలూ అన్నీ ఇమడాలి. అందుకని ఫోటో అంటే ముందు ముఖం కడగాలి, తల దువ్వాలి, మంచి చొక్కా తొడగాలి. మనం రోజంతా ఈడ్చుకుంటూ తిరిగే చిరిగిన కుక్కబొమ్మను ఎవరో ఒకరు కాలితో పక్కకు నెట్టేవారు. అద్దాల బీరువాలోంచి తాళం తీసి ఒక మెరిసే బొమ్మను చేతిలో పెట్టేవారు. ఫోటో అవగానే అది మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయేది. అసలు ఆ అద్దాల బీరువాల మీద నాకు పాత కోపం ఉంది. పిల్లల కోసం కొన్న బొమ్మను చుట్టాలు చూడటానికి దాచడం ఏమిటి? ఆ రోజు అడగలేదు కాబట్టి ఈ రోజు అడుగుతున్నాను.

నా దగ్గరున్న ఫోటో నలుపు తెలుపుది. నాలుగేళ్ల వయసు, చేతిలో కీ ఇస్తే నడిచే రేకు కారు. చూసిన ప్రతివాళ్లూ ముందు కారునే మెచ్చుకుంటారు, తరువాత నన్ను. మెచ్చుకోదగ్గ వస్తువేనని ఒప్పుకుంటాను. రేకు మీద కిటికీలూ, వాటిలో మనుషులూ అన్నీ రంగుల్లో అచ్చువేసి ఉంటాయి. అంచుల్లోని చిన్న రేకు ముక్కలను ఎదుటి రేకు సందుల్లో దూర్చి మడిచేస్తే డబ్బా బిగుసుకుంటుంది. లోపల చుట్టచుట్టిన స్ప్రింగు, పక్కన కీ. ఆ మడతలు కొంచెం లేచాయంటే వేలు తెగుతుంది. నా వేలు తెగలేదు. తెగేంతసేపు అది నా చేతిలో ఉంటే కదా!

ఆమధ్య మా వాళ్లందరం ఒకచోట కలిశాం. ఆల్బం బయటికి వచ్చింది. మా మేనల్లుడు ఆ ఫోటోను ఫోనుతో తీసి, పాత ఫోటోలకు రంగులద్దే ఏదో యాప్‌లో వేశాడు. క్షణంలో నా చొక్కా పసుపుపచ్చ, కారు నీలం అయిపోయాయి. అందరూ ఆహా అన్నారు. మా అన్నయ్య మాత్రం ఒక అడుగు ముందుకేసి, "అవును, నీలం కారే. నాకు బాగా గుర్తు. ఇద్దరం దానికోసం కొట్టుకునేవాళ్లం కూడా" అన్నాడు.

అప్పుడు అత్తయ్య కళ్లజోడు సవరించుకుని అంది: "ఒరే, అది మన కారు కాదురా. పక్కింటి వాళ్లది. ఫోటో కోసం అడిగి తెచ్చాను. దిగీ దిగగానే తీసుకెళ్లి ఇచ్చేశాను. నువ్వప్పుడు బడిలో ఉన్నావు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య మాత్రం వెనక్కి తగ్గలేదు. అయినా అది నీలమేనన్నాడు.

ఇక్కడ యాప్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నలుపు తెలుపు ఫిల్ము ఎంత వెలుతురు పడిందన్నది పట్టుకుంటుంది, ఏ రంగు వెలుతురన్నది కాదు. ఒక ఎరుపూ ఒక నీలమూ దాని మీద ఒకే బూడిద రంగుగా పడవచ్చు. యాప్ చేసేదల్లా లక్షల ఫోటోలు చూసిన అలవాటు కొద్దీ ఊహించడమే. ఊహించడంలో తప్పులేదు, కానీ ఆ ఊహ అసలు ఫోటో స్థానంలో కూర్చుంటోంది. మా ఇంట్లో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ నీలం కారే ఉంది. ఇంకో పదేళ్లకు అత్తయ్య కూడా నీలమనే అంటుందేమో.

నేను ఊరికే అనడం లేదు. 2002లో కింబర్లీ వేడ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి ఒక ప్రయోగం చేశారు. 20 మంది పెద్దవాళ్లకు వాళ్ల చిన్నప్పటి ఫోటోలు చూపించారు. అందులో ఒకటి కల్పితం: వేడిగాలి బెలూన్ బుట్టలో వాళ్లు చిన్నపిల్లలుగా నిలబడినట్టు అతికించి తయారుచేసింది. నిజానికి వాళ్లెవరూ ఆ బెలూన్ ఎక్కలేదు. మూడు విడతల ముఖాముఖి అయ్యేసరికి సగం మంది ఎంతో కొంత "గుర్తు" తెచ్చుకున్నారు. పాత ఫోటో చూసి బొమ్మ జ్ఞాపకాలు రాసేవాళ్లను నేను నమ్మకపోవడానికి ఇదే కారణం. మా అన్నయ్యకైతే అతికించిన ఫోటో కూడా అక్కర్లేకపోయింది, రంగు పూస్తే సరిపోయింది.

ఇక నా అసలు బొమ్మ సంగతి. దారం అయిపోయిన చెక్క రీలు. అవును, అంతే. కానీ దానంతట అదే నడిచేది, మెట్టులా పెట్టిన పుస్తకం ఎక్కేది. చేయడం ఇలా: రీలు రెండు అంచుల మీద చాకుతో చుట్టూ గాట్లు పెట్టాలి, అవే నేలను పట్టుకునే పళ్లు. నడిమి రంధ్రంలోంచి రబ్బరు బ్యాండు దూర్చాలి. ఒక పక్క దాని కొసలో పొట్టి పుల్ల ముక్క పెట్టి, తిరగకుండా చిన్న మేకుతో ఆపాలి. రెండో పక్క కొవ్వొత్తిని అడ్డంగా కోసిన బిళ్ల పెట్టి, దాని మధ్య రంధ్రంలోంచి రబ్బరును బయటికి లాగి, అందులో పొడుగు పుల్ల తగిలించాలి. ఆ పుల్లను తిప్పితే రబ్బరు లోపల మెలికలు పడుతుంది. నేల మీద పెట్టి వదిలేస్తే పొడుగు పుల్ల కొస నేలకు ఆనుకుని ఆగిపోతుంది. అది తిరగలేదు కాబట్టి రీలు తిరుగుతుంది.

కీలకమంతా ఆ మైనపు బిళ్లలోనే. అది లేకపోతే పుల్ల చెక్కకు రాసుకుని ఒకచోట పట్టేస్తుంది, లేదా మెలికలన్నీ ఒక్కసారిగా విడిపోయి రీలు గిరగిరా తిరిగి పడిపోతుంది. మైనం ఉంటే తాపీగా, ఎక్కడికో పనిమీద వెళ్తున్నట్టు వెళ్తుంది. నేను నేలకు చెంప ఆనించి దాని వెనకే పాకేవాణ్ణి. రేకు కారు కన్నా ఇదే గొప్పదని ఇప్పటికీ వాదిస్తాను. కారు పాడైతే మనకు చేతనయ్యేది ఏమీ లేదు, కడుపు విప్పితే మళ్లీ మూతపడదు. రీలుకు రబ్బరు తెగితే ఇంకో రబ్బరు వేస్తే సరి.

దాన్ని చేసిచ్చింది ఎవరనుకున్నారు? అన్నయ్యే. గాట్లు కూడా తనే కోశాడు. ఒక్క రోజు కూడా చూడని కారు గుర్తుంది, చేత్తో చెక్కిన రీలు మాత్రం "ఏ రీలు?" అంటాడు. ఫోటో ఎంత పని చేస్తుందో చూడండి.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. ఆల్బం వెనక అట్టకు ఒక కవరు అంటించి ఉంది, అందులో నెగటివులు. దయచేసి అందరూ మీ ఆల్బముల వెనకా, డబ్బాల అడుగునా వెతకండి. జనం ఫోటోలు దాచి నెగటివులు పారేస్తారు, అది తలకిందుల తెలివి. నా ఫోటో నెగటివు చదరంగా ఉంది. ఆల్బములో ఉన్న కాగితం ఫోటో మాత్రం నిలువు దీర్ఘచతురస్రం. అంటే కాగితం మీద ముద్రించినప్పుడు రెండు పక్కలా కోసేశారన్నమాట!

మేనల్లుడి టాబ్లెట్‌లో ఖాళీ తెల్ల తెర పెట్టించాను. తెర చుక్కలు కనబడకుండా ఉండటానికి పైన పల్చటి తెల్ల ప్లాస్టిక్ రేకు, దాన్నీ తెరకు కొంచెం ఎత్తులో పెట్టి, దాని మీద నెగటివు ఉంచి, గదిలో దీపాలార్పి, ఫోనుతో తీసి, నలుపును తెలుపుగా తెలుపును నలుపుగా తిప్పాం. స్కానరు ఉంటే ఇంకా మంచిది, కానీ మామూలు స్కానరు పనికిరాదు, వెనక నుంచి వెలుతురు వేసేది కావాలి. ఎడమ పక్క కోసేసిన భాగం కనబడింది. నా కాలికి జానెడు దూరంలో, గోడవారగా, గుండ్రంగా ఒక వస్తువు. అంచున పళ్లు. పక్కకు పొడుచుకొచ్చిన సన్నని గీత.

"రీలు!" అని అరిచాను.

"బూటు పాలిష్ డబ్బా మూత" అన్నాడు అన్నయ్య. "ఆ గీత ఫిల్ము మీద గీరుడు."

అత్తయ్య చాలాసేపు చూసి "ఏదో ఉంది" అంది. మేనల్లుడు ఇంకా పెద్దది చేస్తే చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. అన్నయ్య ఆఖరి దెబ్బ కొట్టాడు: "నువ్వు చెప్పిన ఆ బెలూన్ వాళ్లలాగే నీకూ గుర్తొస్తోందిరా." అది చెల్లదు. వాళ్లకు చూపింది అతికించిన ఫోటో, నా నెగటివులో ఎవరూ ఏమీ అతికించలేదు. పైగా నా జ్ఞాపకం ముందు నుంచీ ఉంది, రుజువు తరువాత వచ్చింది. కాబట్టి అది రీలే. ఇందులో చర్చ లేదు.

మాట మళ్లీ ఆల్బముల మీదికి పోతోంది, పోనివ్వండి. జిగురు పేజీ మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బములు ఎవరు కనిపెట్టారో గానీ, ఫోటోలకు వాటిని మించిన శత్రువు లేదు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు పసుపెక్కి, ఫోటో వెనక భాగాన్ని వదలదు. బలవంతంగా లాగకండి, చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో కింద మెల్లగా అటూ ఇటూ లాగితే చాలావాటికి వదులుతుంది. వదలకపోతే పేజీలో ఉండగానే ఫోటో తీసేసుకోండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలే వాడండి, బాల్‌పెన్ను నొక్కు ముందువైపు ముఖాల మీద కనిపిస్తుంది. పాత రంగుల ఫోటోల్లో అన్నీ ఎర్రబారి కనిపిస్తే ఆ రోజుల్లో అంతా ఎర్రగా ఉండేదని కాదు. రంగుల కాగితంలోని అద్దకాల్లో నీలి-ఆకుపచ్చది ముందుగా వెలిసిపోయే రకాలు అప్పట్లో చాలా ఉండేవి. వెండి రేణువులతో ఏర్పడే నలుపు తెలుపు ఫోటో, సరిగ్గా కడిగినదైతే, వాటికంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది.

బొమ్మనే దాచుకున్నామని చెప్పేవాళ్లూ ఉంటారు. సంతోషం. ఒకసారి తీసి ముట్టుకోండి. మెత్తని ప్లాస్టిక్ బొమ్మ అయితే చేతికి జిడ్డుగా తగులుతుంది, మెత్తదనం కోసం కలిపిన పదార్థం ఏళ్ల తరబడి బయటికి ఊరుతూ ఉంటుంది. గుడ్డబొమ్మ అయితే ఎవరో ఒకరు ఉతికేసి ఉంటారు. డోనాల్డ్ వినికాట్ అనే శిశువైద్యుడు, మానసిక విశ్లేషకుడు 1951లోనే చెప్పాడు, పసివాళ్లు వదలకుండా పట్టుకు తిరిగే వస్తువును ఉతికితే దాని అర్థమూ విలువా పోవచ్చని. అంతవరకూ ఆయనతో ఏకీభవిస్తాను. అటువంటి వస్తువును పిల్లలు మరిచిపోరు, దానికోసం దుఃఖించరు, అది మెల్లగా అర్థం కోల్పోతుందంతే అని కూడా ఆయన అన్నాడు. ఇది మాత్రం ఒప్పుకోను. నా రీలు ఇల్లు మారినప్పుడు పోయింది, నేను ఇప్పటికీ దుఃఖిస్తున్నాను.

ఫోటో చూపించమన్నారు కదా. చూపించను. అందులో మూలగా నిలబడి ముక్కు చీదుకుంటున్న పిల్ల ఒకతె ఉంది, ఆమె అనుమతి నేను తీసుకోలేదు. చిన్ననాటి ఫోటోలు పెట్టే వాళ్లెవరూ పక్కనున్న వాళ్లను అడగరు, స్నానాల ఫోటోలతో సహా పెట్టేస్తారు. నెగటివు కూడా నా బీరువాలోనే ఉంటుంది. అన్నయ్య మరోసారి పరీక్షగా చూస్తానని అడుగుతున్నాడు. ఇంటికి వచ్చి చూడమన్నాను. కాపీ కావాలంటే పంపుతాను, అదీ రంగులు వేయనని మాట ఇస్తేనే.