పరీక్షలన్నీ బాగున్నా మంట తగ్గడం లేదు

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా యోని ద్వారం దగ్గర సూదులతో గుచ్చినట్టు మంట. అరగంట కుర్చీలో కూర్చోలేను, కలయిక భరించలేను. ఫంగస్ క్రీములు నాలుగుసార్లు వాడాను. పరీక్షల్లో ఏమీ లేదని, అంతా మనసులోనే ఉందని ఒక డాక్టరు అన్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా, మీ నొప్పి నిజమైనదే. స్పష్టమైన కారణం కనిపించకుండా కనీసం మూడు నెలలు ఉండే ఇలాంటి నొప్పిని వల్వోడీనియా అంటారు. దూదిపుల్లతో ద్వారం చుట్టూ మెల్లగా తాకుతూ ఎక్కడెక్కడ ఎంత నొప్పి పుడుతుందో గుర్తించే పరీక్ష ఒకటుంది. అది మీకు చేశారో లేదో రాయలేదు, స్త్రీవైద్య నిపుణురాలిని అడిగి చేయించుకోండి. ఫంగస్ ఉన్నట్టు ల్యాబులో తేలకుండా మళ్లీ క్రీము పూయకండి, అదే మంటను పెంచవచ్చు. ఫిజియోథెరపీ అనగానే మనకు మోకాళ్లే గుర్తొస్తాయి గానీ, నొప్పికి భయపడి బిగుసుకుపోయిన కటి కండరాలను సడలించడంలో శిక్షణ పొందినవారి సాయం చాలామందికి మేలు చేస్తుంది. అవసరమైతే చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పూత, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే మందు డాక్టరు రాసిస్తారు. రెండోది డిప్రెషన్‌కూ వాడే మందే అయినా ఇక్కడ ఇచ్చేది నరాల నొప్పికి, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. సబ్బు మాని ఉత్త నీటితోనే కడుక్కోండి. నొప్పి ఉన్నన్నాళ్లూ కలయికకు ఒప్పుకోవాల్సిన పనిలేదు. మీవారికి చెప్పడం కష్టమైతే ఈ జవాబే చదివించండి.