వాటర్‌షెడ్ ప్రాజెక్టు వల్ల ఊళ్లో మార్పు వచ్చిందో లేదో ఎలా తేల్చాలి?

మీరు నారాయణపేట వైపు వాటర్‌షెడ్ ప్రాజెక్టులో, అంటే వాన నీటిని ఆపి నేలలోకి ఇంకించే పనుల్లో, మానిటరింగ్ ఉద్యోగంలో చేరారు. ఆఫీసు ఇచ్చిన ఫార్మాట్‌లో చెక్‌డ్యాములు ఎన్ని, శిక్షణలు ఎన్ని అన్న లెక్కలే ఉన్నాయి, అసలు మార్పును ఎలా కొలవాలి అని అడిగారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో చాలాకాలం ఇదే పని చేశాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

ముందు వాన సంగతి. మన దగ్గర ప్రాజెక్టు రిపోర్టును గట్టెక్కించేదీ ముంచేదీ చాలాసార్లు వానే. 2014, 2015లో వరుసగా కరువు. 2016 సెప్టెంబర్‌లో భారీ వర్షాలు. 2015లో బేస్‌లైన్ సర్వే (పని మొదలవక ముందు చేసే కొలత) చేసి, 2017 మొదట్లో మళ్లీ కొలిస్తే బోర్లలో నీళ్లు పైకి రాకుండా ఎలా ఉంటాయి? ప్రాజెక్టు డబ్బుతో తట్టెడు మట్టి ఎత్తని ఊళ్లోనూ వస్తాయి. కాబట్టి అలాంటి నేలే, అంతే వాన ఉండి, మీ పని జరగని ఊరు ఒకటి చూసుకుని, అక్కడా మొదటి నుంచీ కొలవండి. పని లేని ఊరికి పెట్రోల్ ఖర్చెందుకని ఆఫీసులో అంటారు. పట్టుబట్టండి. కరెంటు కూడా చూసుకోవాలి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దానికి ముందు, తర్వాత మోటార్లు నడిచిన గంటలు ఒకటి కావు, తోడిన నీళ్లూ ఒకటి కావు.

నీళ్లు కొలవడం పెద్ద విద్యేం కాదు. 2000ల్లో మన రెండు జిల్లాలతో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో ఏపీఫామ్స్ అనే భూగర్భజలాల ప్రాజెక్టు నడిచింది. అందులో రైతులే వర్షమాపకం చూసి రాసుకునేవారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచేవారు, యాసంగికి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, పంటలకు కావాల్సినవెన్ని అన్న లెక్క, వేసుకునేవారు. మీరూ ఊరి వాళ్లకే నేర్పండి. "బోరు ఎంత పోస్తోంది?" అని అడిగితే "రెండించులు" అంటారు. అడిగింది ప్రాజెక్టు మనిషి అయితే అది ఒకటిన్నరో, రెండున్నరో అవుతుంది! 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మోటారు వేయగానే మాత్రం కొలవకండి. అప్పుడు వచ్చేది బోరులో నిలిచి ఉన్న నీళ్లు, ధాటిగా పోస్తుంది. కాసేపు నడిచి ధార నిలకడయ్యాక కొలవండి. ప్రతిసారీ అంతే సేపు నడిపాకే కొలిస్తే పోల్చడానికి పనికొస్తుంది.

ఇక వలస. పాలమూరులో ఫిబ్రవరిలో ఇంటింటి సర్వేకి వెళ్తే, ముఖ్యంగా తండాల్లో, సగం ఇళ్లకు తాళాలే కనిపించొచ్చు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ముంబైకో పుణెకో పోయి ఉంటారు. సర్వే చేసే కుర్రాడు ఏం చేస్తాడు? టార్గెట్ టెన్షన్ కదా, శాంపిల్‌లో ఉన్న ఇంటికి తాళం ఉందని పక్కింటికి వెళ్లి ఫారం నింపేస్తాడు. అలా వలస వెళ్లినవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు, రిపోర్టులో 'వలస తగ్గింది' అని వస్తుంది. నేను చూసిన తప్పుల్లో దీనంత చెరుపు చేసేది ఇంకోటి లేదు. తాళం ఉన్న ఇంటిని అలాగే రాసుకోమనండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి వెళ్లారో పక్కవాళ్లను అడగండి. దసరాకో జాతరకో వాళ్లు తిరిగొచ్చినప్పుడు మళ్లీ వెళ్లండి.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యమే. మర్రిగూడ మండలంలో ఒకింట్లో "నల్లా వస్తోందా అమ్మా?" అంటే "వస్తది బిడ్డా" అంది పెద్దావిడ. ఫారంలో టిక్ పడిపోయింది. వంటింటి మూల ఇరవై లీటర్ల క్యాన్ కనబడితే అదేంటని అడిగాను. "నల్లా నీళ్లు బట్టలకు, బోళ్లకు. తాగేటందుకు ఫిల్టర్ నీళ్లు దెచ్చుకుంటం" అంది. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్న ఊళ్లలో నల్లా ఉందా అన్నదొక్కటే సరిపోదు, తాగేది ఏ నీళ్లు, అన్నం వండేది ఏ నీళ్లు అని విడివిడిగా అడగాలి.

జిల్లా గణాంకాలు వాడేటప్పుడు జాగ్రత్త. 2011 సెన్సస్‌లో మహబూబ్‌నగర్ అంటే పాత పెద్ద జిల్లా. 2016 అక్టోబర్‌లో అది ముక్కలైంది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిగా జిల్లా అయింది. జిల్లా అంకెలతో పోల్చకుండా ఊరి స్థాయి అంకెలే తీసుకోండి.

ఫార్మాట్ మార్చడం మీ చేతుల్లో ఉండదు, దాన్ని నింపి పంపేయండి. ఈ కొలతలు మాత్రం విడిగా రాసి, ఏడాదికోసారి గ్రామసభలో చదవండి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పేర్లు బయటికి చదివినప్పుడు, పని చేయని పేరు వినబడితే ఎవరో ఒకరు లేచేవారు. మీ అంకె తప్పయినా అలాగే లేస్తారు. ఆ అభ్యంతరాన్ని కూడా అంకె పక్కనే రాయండి, దిద్ది కొట్టేయకండి.