అడవి పిల్లిని వదలలేను, బొమ్మరిల్లు మానలేను

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మాది విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గర ఒక ఊరు. నాకు 42 ఏళ్లు. మా వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. మా అమ్మాయి చదువు కోసం విశాఖపట్నం హాస్టల్లో చేరాక చిన్న చిన్న బొమ్మరిళ్లు చేయడం నేర్చుకున్నాను. నులకమంచం, ఉట్టి, తిరగలి, మండువా ఇల్లు అన్నీ చేస్తాను. ఆర్డర్లు కూడా వస్తున్నాయి. సంక్రాంతి తర్వాత చెరుకు నరికేటప్పుడు మా తమ్ముడికి రెండు అడవి పిల్లి కూనలు దొరికాయి. తల్లి అప్పటికే రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయింది. ఒక కూన బతకలేదు. రెండోదాన్ని నేను పెంచాను. పేరు బుజ్జి. ఇప్పుడు దానికి ఐదు నెలలు. పెరుగన్నం కూడా తింటుంది. ఈమధ్య ఒంటి మీది చారలు చెరిగిపోతున్నాయి, ఏదైనా జబ్బేమోనని భయంగా ఉంది. పక్కింటివాళ్ల కోళ్లను రెండింటిని చంపింది. మూడు వారాల కిందట మా అత్తగారి చేయి గీరింది. కేసవుతుందని మా వారు భయపడుతున్నారు. రాత్రివేళ సాలూరు ఘాట్ వైపు కొండల్లో వదిలేసి వస్తానంటున్నారు. బొమ్మల పిచ్చి వల్లే ఈ పిల్లి పిచ్చి పట్టిందని, రెండూ మానేయమని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. అమ్మాయి మాత్రం బుజ్జిని బొమ్మరింటి పక్కన కూర్చోబెట్టి తీసిన వీడియోల వల్లే ఆర్డర్లు పెరిగాయంటోంది. దసరాకు సిరిమాను (విజయనగరం పైడితల్లి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింతమాను) బొమ్మ చేసిపెట్టమని ఒకరు అడిగారు. ఒప్పుకునే ధైర్యం లేదు. బుజ్జిని దూరం చేసుకోకుండా ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి మీకు నచ్చే జవాబు నా దగ్గర లేదు. బుజ్జి మీ ఇంట్లో ఉండిపోయే దారి లేదు. ఆ మాట మొదటే చెప్పేయడం మంచిదనిపించింది. అయితే మీ ఇంట్లోవాళ్లు కోరుతున్న రెండో సంగతి, బొమ్మరిళ్లు మానేయడం, దానికి మీరు ఒప్పుకోనక్కరలేదు. ఆ రెంటినీ ఒక్క మూటలో కట్టి అటో ఇటో తేల్చుకోమంటున్నారు. ముందు ఆ మూట విప్పాలి.

మీరు చేసింది చిన్న పని కాదు. కళ్లు కూడా సరిగా తెరవని కూనకు రెండు మూడు గంటలకొకసారి లేచి సిరంజితో పాలు పట్టానని, ప్రతిసారీ తడిగుడ్డతో పొట్ట కింద తుడిచానని రాశారు. ఆ తుడవడం ఎందుకో మీకు ఎవరూ చెప్పలేదట. తల్లి నాకితేగాని అంత చిన్న కూనలకు మలమూత్రాలు రావు. ఎవరూ నేర్పకుండా ఆ పని చేశారు కాబట్టే అది బతికింది. తల్లి నిజంగా చనిపోయింది కనుక మీరు దాన్ని ఎత్తుకోవడంలో తప్పు లేదు. అడవి పిల్లి ఆహారం కోసం కూనలను వదిలి వెళుతుంది, మళ్లీ వస్తుంది. చెరుకు తోటల్లో కూనలు కనబడితే చాలామంది ఆ సంగతి తెలియక తల్లి ఉండగానే ఇంటికి తెచ్చేస్తారు. మీ తమ్ముడికి ఇది తప్పకుండా చెప్పండి. వచ్చే ఏడు నరికేటప్పుడు కూనలు కనబడితే ఆ మడి వదిలి వేరే వైపు నరకమనండి. రాత్రికి తల్లే వచ్చి తీసుకుపోతుంది.

చారలు చెరగడం జబ్బు కాదు. అడవి పిల్లులకు కూనతనంలోనే ఒంటి నిండా చారలుంటాయి. పెద్దయ్యేకొద్దీ ఒళ్లంతా ఒకే ఇసుక రంగుకు తిరుగుతుంది. కాళ్ల మీద, తోక మీద మాత్రం పట్టీలు మిగులుతాయి. మీ బుజ్జి ఎదుగుతోంది. కోళ్లను చంపడమూ ఆ ఎదుగుదలలో భాగమే. అడవిలోనైతే ఈ వయసులో తల్లి వెంట తిరుగుతూ ఎలుకను ఎలా పట్టాలో, మనిషి అలికిడి వింటే ఎలా జారుకోవాలో నేర్చుకుంటూ ఉండేది. సాధారణంగా ఎనిమిది తొమ్మిది నెలలకు కూనలు తల్లిని విడిచిపోతాయి. ఆ లోపు నేర్వని పాఠాలు తర్వాత అంత తేలికగా రావు. మనుషులంటే భయం లేకపోవడం మీ ఇంట్లో దానికి ముద్దు తెచ్చిపెట్టింది. బయట అదే దాని ప్రాణం తీస్తుంది. అందుకే తొందర పెడుతున్నాను.

ఇదే కారణంతో మీ వారు అనుకుంటున్న పని కూడా చేయకూడదు. వేటాడటం రాని జంతువును రాత్రిపూట కొండల్లో దింపి వస్తే అది దగ్గరలో దీపం వెలిగే ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది. ఆ ఇంటివాళ్లకు అది బుజ్జి అని తెలియదు.

ఇక చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అడవి జంతువును అనుమతి లేకుండా ఇంట్లో పెంచుకోవడం నేరం. అలాంటిది చేతికి వస్తే 48 గంటల లోపు పోలీసు స్టేషన్‌కో అటవీ అధికారికో తెలియజేయాలి. ఆ గడువు దాటి నెలలైంది. అలాగని ఇంకా దాచడం మంచిది కాదు. తానంతట తాను వెళ్లి అప్పగించినవాళ్లకూ, పొరుగువాళ్లు ఫిర్యాదు చేస్తే పట్టుబడినవాళ్లకూ చాలా తేడా ఉంటుంది. ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి. ఎక్కడ, ఎప్పుడు దొరికింది, తల్లి ఎలా పోయింది, ఏం తినిపించారు, ఎవరిని గీరింది. కావాలంటే తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించి, విజయనగరంలో అటవీ శాఖ కార్యాలయానికి తీసుకువెళ్లండి. మీ వారిని వెంట రమ్మనండి.

ఆయన గురించి ఒక మాట. మీ ఉత్తరంలో ఆయన్ను కఠినుడిగానే చూపించారు. కానీ మధ్యలో ఒకచోట, సాయంత్రం బడి నుంచి వస్తూ కోడి మెడలు కొనుక్కొచ్చేది ఆయనేనని రాసి, దాని మీదుగా దాటిపోయారు. వద్దు వద్దంటూనే సంచిలో మెడలు తెచ్చే మనిషి బుజ్జికి శత్రువు కాడు. ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో వన్యప్రాణి కేసంటే ఆయన భయం ఉత్తిది కాదు. ‘మీ భయం నాకు అర్థమైంది, అప్పగిద్దాం, దారి మాత్రం సరైనది వెతుకుదాం’ అనండి. ఆ ఒక్క మాటతో సగం గొడవ చల్లబడుతుంది.

అప్పగించాక ఏమవుతుంది? విశాఖపట్నంలో జంతు ప్రదర్శనశాలతో పాటు జంతు సంరక్షణ కేంద్రం కూడా ఉంది. పశువైద్యులు చూస్తారు. బాగుంటే పెద్ద ఆవరణలో ఉంచి, మనుషుల వాసనకు దూరం చేసి, వేట అలవాటయ్యాక తగిన చోట వదిలే ప్రయత్నం చేయవచ్చు. అడవికి పనికిరాదనుకుంటే జీవితమంతా ఆవరణలోనే ఉండవచ్చు. రెండోది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా వంటింట్లో గొలుసు కన్నా, పక్కింటివాళ్లు పెట్టే విషం కన్నా అది ఎంతో మేలు. అన్నట్టు, ఆ రెండు కోళ్ల ఖరీదు ఇంకా ఇవ్వకపోతే ఈరోజే ఇచ్చేయండి.

అప్పగించేలోపు పెరుగన్నం ఆపండి. పిల్లి జాతికి మాంసమే ఆహారం. మెడ ఎముకలతో సహా పచ్చివే పెట్టండి. ఎముక లేని మెత్తటి ముక్కలే పెడితే ఎదిగే ఒంట్లో సున్నం చాలక కాళ్లు వంకరపోతాయి. నులకమంచానికి మీరు అల్లే దారం, పూసలు, సూదులు దానికి అందనివ్వకండి. మింగిన దారం పేగుల్ని కోసేస్తుంది.

అత్తగారి గీరిన చేయి సంగతి మీరు ఒక్క వాక్యంలో ముగించారు. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. మూడు వారాలు గడిచిపోయాయని ఊరుకోకండి, ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. ఆలస్యమైనా వెళ్లవలసిందే. మీ చేతుల మీద ఉన్న గీతలు కూడా చూపించండి. ఇకమీదట గీరినా కరిచినా వెంటనే 15 నిమిషాల పాటు ధార కింద సబ్బుతో కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి.

అమ్మాయికి వీడియోలు ఆపేయమని చెప్పండి. తన ఉద్దేశం మంచిదే. కానీ బొమ్మరింటి పక్కన ముద్దుగా కూర్చున్న అడవి పిల్లిని చూసిన ప్రతి పదిమందిలో ఒకరికైనా అలాంటిదొకటి తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక తీరాలంటే ఎక్కడో ఒక తల్లి తన కూనను పోగొట్టుకోవాలి.

మీ ఉత్తరంలో అమ్మాయి గురించి నాలుగు ముక్కలు, బుజ్జి గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఇది ఎత్తిపొడుపు కాదు. ఖాళీ అయిన ఇంట్లోకి ఆకలితో ఏడ్చే ప్రాణి ఒకటి వచ్చింది, మీ చేతులకు మళ్లీ పని దొరికింది. బుజ్జి వెళ్లిన వారం మీరు ఏడుస్తారు. ఆ వారం అమ్మాయిని ఇంటికి రమ్మనండి. రాలేనంటే మీరే వెళ్లి ఆమె దగ్గర రెండు రోజులు ఉండి రండి. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఎప్పుడైనా చూశారా? గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, ఎవరినీ పోనివ్వరు. కాలం తీరాక అవి పిల్లలతో ఎగిరిపోతాయి. వాటిని పట్టి ఉంచాలని ఎవరూ అనుకోరు, ప్రేమ లేక కాదు. వీలైతే అమ్మాయితో కలిసి ఒకసారి వెళ్లి రండి.

ఇప్పుడు బొమ్మరిళ్లు. ఇవి మీవి. వీటి విషయంలో ఎవరి ముందూ తల వంచకండి. ‘చిన్నపిల్లల ఆట’ అనేవాళ్లకు ఒక సంగతి చెప్పండి. ఇంగ్లండు రాణి మేరీ కోసం 1924లో పూర్తయిన బొమ్మరింటిని గీసినది, కొత్త ఢిల్లీకి రూపమిచ్చిన లట్యెన్స్. మీరు పట్టుకున్న కొలతే ఆయనా పట్టుకున్నాడు, ఒక అడుగుకు ఒక అంగుళం. అంత దూరం పోనక్కరలేదు, మీ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవాళ్లు జ్ఞాపికల కోసం చిన్న వీణలూ చేస్తారు. వాళ్లను ఎవరైనా ఆడుకుంటున్నారంటారా?

అయితే అత్తగారి ఫిర్యాదులో నిజం ఉంది. వార్నిష్, రెజిన్ వాసన పెద్దవాళ్ల ఊపిరికి మంచిది కాదు. నడవలో ఆరబెట్టిన బొమ్మల మధ్య ఆమె కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గోడ పట్టుకుని నడుస్తున్నారని మీరే రాశారు. ఆ పని వెనక వసారాలోకి మార్చండి, గాలి ఆడేచోట మాస్కు పెట్టుకుని చేయండి. రాత్రి భోజనాల వేళకు పట్టకారు, కట్టర్ డబ్బాలోకి పోవాలి. ఆర్డర్ల డబ్బు లెక్క ఒక పుస్తకంలో రాసి మీ వారికి చూపించండి. ఆయన లెక్కల మాస్టారట కదా, పుస్తకం చూశాక ఆయన మాట తీరు మారుతుంది.

సిరిమాను ఆర్డర్ ఒప్పుకోండి. ఒక్క సంగతి ముందే చూసుకోండి. మాను 50 అడుగులనుకున్నా మీ కొలతలో 50 అంగుళాలు, అంటే నాలుగు అడుగుల పైన. మీ బల్ల చాలదు, పంపడానికి పెట్టె దొరకదు. అందులో సగం కొలతకు దిగితే రెండడుగుల చిల్లరలో సరిపోతుంది. జాతరలో సిరిమాను ముందు నడిచే పాలధార, అంజలి రథం, బెస్తవారి వల, తెల్ల ఏనుగు కూడా కావాలో వద్దో ఇప్పుడే అడిగి, ఒక్కోదానికి విడిగా ధర చెప్పండి. సగం సొమ్ము ముందు తీసుకోండి. మాను మాత్రం చింత కొమ్మతోనే చేయండి. కొనేవారు విజయనగరం మనిషైతే తేడా వెంటనే పట్టేస్తారు.