మీ మధ్య ఆ పిల్లెందుకు?

ఉత్తరం క్లుప్తంగా: ఆయనకు 42 ఏళ్ళు. ఆఫీసులో పెద్ద టీముకు లీడరు, కొత్తవాళ్ళకు కమ్యూనికేషన్ మీద క్లాసులు కూడా చెబుతారు. ఇంట్లో మాత్రం ఐదు నెలలుగా భార్యతో మాటల్లేవు. తమ్ముడికి అప్పిచ్చిన సంగతి ఆమెకు మూడోవాళ్ళ ద్వారా తెలిసి పెద్ద గొడవైంది. ఆ రోజు నుంచి ఇద్దరి కబుర్లూ 11 ఏళ్ళ కూతురి నోటి మీదుగానే నడుస్తున్నాయి. "తప్పు ఇద్దరిదీ అయినప్పుడు ముందు ఎవరు మాట్లాడాలి? మా ఆవిడకు కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పించడం ఎలా?" అని అడుగుతున్నారు.

జవాబు:

ముందు మీరే మాట్లాడాలి. చెప్పకుండా అప్పిచ్చింది మీరు కాబట్టి. దీనికి ఇంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు.

నన్ను పట్టి ఆపింది మీ ప్రశ్నలు కాదు, మధ్యలో మాటవరసకు రాసిన ఒక వాక్యం. "అదృష్టం కొద్దీ మా పాప తెలివైనది, ఎవరి మాట ఎవరికి ఎలా చెప్పాలో దానికి బాగా తెలుసు" అన్నారు. మీరు మురిసిపోతూ రాశారు. చదివిన నాకు మాత్రం గుండె కలుక్కుమంది. మీరు "నాకేం భోజనం అక్కర్లేదని చెప్పు" అని విసిరితే, వంటింటి గుమ్మం చేరేలోపు ఆ పిల్ల దాన్ని "నాన్న తర్వాత తింటారట" అని మార్చుకుంటోందన్నమాట. అటునుంచి వచ్చే ములుకుల మొనలూ అలాగే విరిచి మీకు అందిస్తోంది. ఆడుకోవలసిన వయసులో రాయబారం. తెలివి కాదండీ అది, భయం.

ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే దాన్ని దించుకోవడానికి మూడో మనిషిని లోపలికి లాగుతారని ముర్రే బోవెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు చెప్పాడు. దానికి ట్రయాంగిల్ అని పేరు పెట్టాడు. మూడో మనిషి రాగానే ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది, తగువు తీర్చుకోవాలన్న తొందర పోతుంది. మీ ఐదు నెలలూ అలా గడిచినవే. పాపే లేకపోతే కరెంటు బిల్లు కోసమైనా రెండో వారానికే మాట్లాడుకుని ఉండేవారు.

నా చిన్నప్పుడు మా నాన్నకూ బాబాయికీ మధ్య నేనూ ఇలాగే కబుర్లు మోశాను. ఇప్పటికీ ఎక్కడైనా ఇద్దరు గొంతు పెంచితే, ఏం చెప్పి సర్దాలా అని నా బుర్ర దానంతటదే వెతుక్కుంటుంది. ఈ వృత్తిలోకి అందుకే వచ్చానేమో. మీ పాపకు మాత్రం ఆ శిక్షణ వద్దు.

క్లాసుల్లో "మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతు, ముఖం" అని చెబుతానని రాశారు. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి పుట్టిన లెక్క. ఇష్టాయిష్టాల విషయంలో మాటకూ గొంతుకూ ముఖానికీ పొంతన కుదరకపోతే వినేవాళ్ళు దేన్ని నమ్ముతారన్నదే అందులోని సంగతి. అన్ని సంభాషణలకూ వర్తించదని ఆయనే చెప్పుకున్నాడు. ఆ స్లైడు తీసేయండి. మీ ఇంటికి మాత్రం అది బాగానే పనికొస్తుంది. "నాకేం కోపం లేదు" అని మీ నోరు అంటుంటే గొంతు ఇంకోటి చెబుతుంది. ఆ రెండూ వినేది పాప.

మౌనంగా ఉంటే గొడవ పెరగదని మీ నమ్మకం. కాసేపు ఆగడం మంచిదే. దంపతుల మీద దశాబ్దాలుగా పరిశోధించిన జాన్ గాట్‌మన్ కూడా, గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటి మనిషి మాట తలకెక్కదని, కనీసం 20 నిమిషాలు ఆగి మళ్ళీ మాట్లాడుకోమని అంటాడు. 20 నిమిషాలు! గోడలా బిగుసుకుపోవడాన్ని ఆయన కాపురాలు చెడగొట్టే నాలుగు అలవాట్లలో ఒకటిగా లెక్కపెట్టాడు.

ఈ రోజే, భార్యతో మాట్లాడే ముందే, పాపను దగ్గర కూర్చోబెట్టుకోండి. "ఇన్నాళ్ళూ నీ చేత చెప్పించాం. తప్పు మాది. ఇకనుంచి అమ్మకి నేనే చెప్పుకుంటాను" అనండి. "మీ అమ్మ వల్లే" అన్న తోక తగిలించకండి.

తర్వాత భార్య దగ్గరికి వెళ్ళి "నీకు చెప్పకుండా ఇచ్చాను. చెబితే వద్దంటావని భయపడ్డాను" అని అక్కడితో ఆగండి. ఆ భయం సంగతి ఉత్తరంలో నాకు ఒప్పుకున్నారు, ఆమెకు చెప్పలేదు. తమ్ముడి అవసరం ఎంత పెద్దదో ఇప్పుడు ఏకరువు పెట్టకండి. అతనికి సాయపడడం మీ బాధ్యతే, నేను కాదనను. కానీ ఆమె అడిగింది డబ్బు లెక్క కాదు, ఈ ఇంట్లో తన లెక్కేమిటని. తోడబుట్టినవాడి కోసం కట్టుకున్న మనిషిని పరాయిదాన్ని చేయడం నా దృష్టిలో ఏ ధర్మమూ కాదు. ఆమె మొదటిరోజే కరగకపోవచ్చు. మీ మాటకు జవాబు రాకపోయినా మర్నాడు మళ్ళీ మాట్లాడండి.

ఆమెకు కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పించే ఆలోచన మానుకోండి. "నాకెందుకు చెప్పలేదు?" అని ఐదు నెలల క్రితమే ఎంతో స్పష్టంగా అడిగింది. జవాబే రాలేదు.

అలవాటు కొద్దీ పాప రేపు కూడా "నాన్నా, అమ్మ ఏమందంటే..." అంటూ వస్తుంది. పూర్తిగా చెప్పనివ్వకండి. "నేనే వెళ్ళి అమ్మని అడుగుతాలే, నువ్వెళ్ళి ఆడుకో" అని లేవండి.