వీర్యం బయటికి రావడం లేదు.. ఇది నరాల బలహీనతేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 37. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. ఏడాదిగా మా ఆవిడతో కలిసినప్పుడు అంగస్తంభన బాగానే ఉంటోంది, తృప్తి కూడా కలుగుతోంది, కానీ వీర్యం రావడం లేదు. వచ్చినా ఒకటి రెండు చుక్కలే. తర్వాత మూత్రానికి వెళ్తే పాలు కలిపినట్టు తెల్లగా వస్తోంది. పెళ్లికి ముందు హస్తప్రయోగం అలవాటు ఉండేది. దానివల్లే నరాల బలహీనత వచ్చి వీర్యం తయారవడం ఆగిపోయిందని ఫ్రెండ్ అంటున్నాడు. అతను చెప్పిన పౌడర్ మూడు నెలలు వాడినా ఫలితం లేదు. వీర్యం మూత్రంలో కలిస్తే కిడ్నీలు పాడవుతాయా? మళ్లీ వీర్యం పెరగడానికి మంచి మందు చెప్పండి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది కానీ అదుపులోనే ఉంది, పరగడుపున 170, 180 మధ్య ఉంటుంది. మూత్రం ధార సన్నగా వస్తుంటే మా మామగారు వేసుకునే ప్రోస్టేట్ మాత్ర కొన్ని నెలలుగా రాత్రిపూట వేసుకుంటున్నా, దాంతో కాస్త ఫ్రీగా ఉంది. మా ఆవిడకు టెస్టులన్నీ నార్మల్ అన్నారు.
- ఓ పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మీరు అడిగిన రెండిటికీ ముందు జవాబు చెప్పేస్తాను. హస్తప్రయోగం వల్ల ఇది రాదు. వీర్యం మూత్రంలో కలిస్తే కిడ్నీలు పాడవవు, అది మూత్రంతో పాటే బయటికి పోతుంది. వీర్యం పెంచే మందు మాత్రం రాయను. మీరు చెప్పినదాన్ని బట్టి వీర్యం తయారవుతున్నట్టే ఉంది, దారి తప్పుతోంది. అయినా మీ ఉత్తరంలో నన్ను ఆపింది అవి కాదు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాసిన రెండు మాటలు: షుగర్ 170, 180 అదుపులోనే ఉందనడం, మామగారి మాత్ర మీరు వేసుకోవడం.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. మూత్రానికీ వీర్యానికీ బయటికి వచ్చే దారి ఒక్కటే. స్ఖలనం సమయంలో మూత్రాశయం మెడ దగ్గరున్న కండరం గట్టిగా మూసుకోవాలి. అప్పుడే వీర్యం ముందుకు వస్తుంది. ఆ కండరం సరిగా మూసుకోకపోతే, తూము దించని కాలువలో నీళ్లు పక్క పొలంలోకి మళ్లినట్టు, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లిపోతుంది. దీన్నే రెట్రోగ్రేడ్ ఎజాక్యులేషన్ అంటాం. తృప్తి మామూలుగానే ఉంటుంది, వీర్యం కనిపించదు, తర్వాత వచ్చే మూత్రం తెల్లగా ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. అలాగని ఉత్తరం చదివి నిర్ధారణ చేసేశాననుకోవద్దు. వీర్యనాళాలు మూసుకుపోయినా, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ బాగా తగ్గినా వీర్యం పరిమాణం తగ్గుతుంది. మూత్రం తెల్లగా రావడానికి ఇన్‌ఫెక్షన్ కూడా కారణం కావచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఎక్కువ. కలయికతో సంబంధం లేని రోజుల్లో కూడా మూత్రం తెల్లగా ఉందా, మంట ఉందా అన్నది మీరు రాయలేదు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే మాత్రం ఈ జవాబు పక్కనబెట్టి ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ కండరాన్ని మూసే ఆజ్ఞ నడుము ఎగువన వెన్నుపాము నుంచి బయల్దేరే సన్నటి నరాల ద్వారా వస్తుంది. జనం మాట్లాడుకునే 'నరాల బలహీనత'కూ, వీటికీ సంబంధం లేదు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఈ నరాలు దెబ్బతింటాయి. పాదాల తిమ్మిరి, మంటలంటే అందరికీ తెలుసు. లోపల పేగులు, గుండె, మూత్రాశయం నడిపించే నరాలు కూడా అలాగే దెబ్బతింటాయని చాలామందికి తెలియదు. పరగడుపున 170, 180 అంటే అది అదుపు కాదు. మీ వయసులో, వేరే పెద్ద జబ్బులేవీ లేకపోతే, సాధారణంగా 80 నుంచి 130 మధ్య ఉండాలని చూస్తాం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందిలో 7 లోపు ఉండాలి. మీరు ఆ పరీక్ష సంగతే ఎత్తలేదు. ఎప్పుడు చేయించారో గుర్తుందా?

ఇక మామగారి మాత్ర. మగవాళ్లు ఇలా చెప్పినప్పుడు నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. పొలానికి మందు అమ్మేటప్పుడు 'ఏ పంట, ఏ పురుగు' అని నాలుగు ప్రశ్నలు అడిగేది మీరే కదా. పత్తికి తెచ్చిన డబ్బా పక్కింటాయన మిరపకు కొడతానంటే మీరు ఒప్పుకుంటారా? ఆయన వయసుకు, ఆయన ప్రోస్టేట్‌కు, ఆయన బీపీ చూసి రాసిన మందు అది.

పేరు రాయలేదు గానీ, ప్రోస్టేట్‌కు రాత్రిపూట ఒకటి అంటే మన దగ్గర ఎక్కువగా టామ్సులోసిన్ లేదా సైలోడోసిన్ అయి ఉంటుంది. ఇవి చేసే పని ఏమిటో తెలుసా? మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని వదులు చేయడం. అందుకే మీకు ధార ఫ్రీగా అనిపిస్తోంది. స్ఖలనం వేళ మూసుకోవాల్సింది కూడా అదే కండరం. వీర్యం రాకపోవడం ఈ మందుల మామూలు దుష్ప్రభావాల్లో ఒకటి, సైలోడోసిన్‌తో ఇంకా ఎక్కువ. అంటే షుగర్ ఇప్పటికే బలహీనం చేసి ఉండొచ్చు అనుకుంటున్న తలుపును మీరు రోజూ రాత్రి ఒక మాత్రతో ఇంకాస్త తెరిచి పెడుతున్నారు.

ఇక్కడే నాకు ఒక లెక్క తేలడం లేదు. వీర్యం రాకపోవడం మొదలై ఏడాది అన్నారు. మాత్ర 'కొన్ని నెలలు' అన్నారు. ఏది ముందు? క్యాలెండర్ ముందు పెట్టుకుని మీ ఆవిడతో కలిసి గుర్తు చేసుకోండి. మాత్ర తర్వాతే మొదలైతే, అది ఆపాక మళ్లీ మామూలు కావచ్చు. మాత్రకు ముందే ఉంటే షుగర్ మీద అనుమానం బలపడుతుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

అసలు మీకు ఆ మాత్ర అవసరం ఎందుకొచ్చిందో ఎవరూ చూడలేదు. 37 ఏళ్లకు ధార సన్నబడితే ప్రోస్టేట్ వాపు అనుకోవడం తొందరపాటు. మూత్రనాళం సన్నబడి ఉండొచ్చు. షుగర్ వల్ల మూత్రాశయం కండరమే నీరసించి, ప్రతిసారీ కొంత మూత్రం లోపలే మిగిలిపోతూ ఉండొచ్చు. అలా మిగిలిన మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు చేరతాయి, కొందరిలో కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది. కిడ్నీల గురించి టెన్షన్ పడాలంటే వీర్యం గురించి కాదు, దీని గురించి పడండి. మూత్రం పోశాక పొట్ట స్కానింగ్‌లో ఎంత మిగిలిందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కాబట్టి ఎవరూ మీకు రాయని ఆ మాత్రను మీరు కొనసాగించడానికి నాకు కారణం కనిపించడం లేదు. ఈ వారంలోనే యూరాలజిస్ట్‌ను కలిసి, వారికి చెప్పి ఆపండి. ఆపాక మూత్రం అసలు రాకుండా పొత్తికడుపు బిగిస్తే తెల్లారే దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మామగారు మాత్రం ఆయన డాక్టర్ చెప్పకుండా తన మాత్ర ఆపకూడదు. ఆయన ఎప్పుడైనా శుక్లం ఆపరేషన్‌కు వెళ్తే ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టర్‌కు ముందే చెప్పమనండి. ఆపరేషన్ టైంలో కనుపాప చుట్టూ ఉండే పొర వదులైపోయి ఇబ్బంది పెడుతుంది. మందు ఆపేసినా ఆ ప్రభావం ఉండొచ్చు, అందుకే గతంలో వాడినా చెప్పాలి.

ఇంకో మాట. ఈ మాత్ర వేసుకుంటూ, మెడికల్ షాపులో ఎవరో చెప్పారని సిల్డెనాఫిల్ రకం మాత్రలు కూడా తెచ్చుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అవి అంగస్తంభనకే గానీ ఈ సమస్యకు పనిచేయవు. మీరు మూడు నెలలు వాడిన పౌడర్‌లో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఇలా అమ్మే 'మగతనం' పొడుల్లో కొన్నింటిలో, లేబుల్ మీద రాయకుండా ఇవే మందులు కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది.

ఇక పిల్లల సంగతి. మీ ఆవిడకు టెస్టులన్నీ అయ్యాయన్నారు. మీకు? ఉత్తరం రెండుసార్లు వెతికాను, ఒక్క సెమెన్ ఎనాలిసిస్ (వీర్య పరీక్ష) ప్రస్తావన కూడా లేదు. ఆమెకు స్కానింగులు, రక్తపరీక్షలు, బహుశా ట్యూబుల ఎక్స్‌రే కూడా అయి ఉంటుంది. మీరు మాత్రం నాలుగేళ్లయినా ఒక డబ్బాలో శాంపిల్ ఇంకా ఇచ్చినట్టు లేరు. మా ఓపీలో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇలాంటి భర్తలు కనిపిస్తారు. ఈ ఆలస్యానికి మూల్యం కట్టేది ఆమె వయసు. అందుకే గట్టిగా అంటున్నా, ఏమీ అనుకోవద్దు.

నిర్ధారణ కష్టమేమీ కాదు. ముందు మూత్రానికి వెళ్లి మూత్రాశయం ఖాళీ చేస్తారు. తర్వాత శాంపిల్ ఇస్తారు, వచ్చినంత ఒక డబ్బాలో. వెంటనే మళ్లీ మూత్రం పోసి రెండో డబ్బాలో ఇస్తారు. ఆ మూత్రాన్ని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున చేరినదాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే శుక్రకణాలు ఉన్నాయో లేదో తెలుస్తుంది. తగినన్ని కనిపిస్తే రెట్రోగ్రేడ్ అని చెప్పొచ్చు. కనిపించకపోతే అడ్డంకులు, హార్మోన్ల వైపు వెతుకుతాం. అన్ని ల్యాబుల్లోనూ ఈ మూత్ర పరీక్ష చేయరు, సంతాన సాఫల్య కేంద్రంలో ముందుగా ఫోన్ చేసి అడగండి.

చికిత్స ఉంది. ఆ కండరాన్ని బిగించే మందులు ఇస్తాం: ఇమిప్రమిన్, సూడోఎఫిడ్రిన్ లాంటివి. షుగర్ వల్ల వచ్చినవాళ్లలో కొందరికి పనిచేస్తాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత వచ్చినవాళ్లలో పెద్దగా పనిచేయవు, అక్కడ కండరమే తొలగిపోయి ఉంటుంది. డోసులు కావాలనే రాయడం లేదు. సూడోఎఫిడ్రిన్ కొన్ని జలుబు మాత్రల్లో ఉంటుంది, అది చదివి రేపు జలుబు మాత్రలు కొనే పాఠకులు ఉంటారని అనుభవంతో చెబుతున్నా. ఇవి బీపీ పెంచుతాయి, గుండె దడ తెస్తాయి, మూత్రం ఆగిపోయేలా చేస్తాయి. ధార సన్నగా ఉన్న మీలాంటివారికి స్కానింగ్ చూడకుండా నేనైతే మొదలుపెట్టను.

మందులతో రాకపోయినా పిల్లలు పుట్టే అవకాశం పోదు. మూత్రంలోకి వెళ్లిన శుక్రకణాలను వెలికితీసి శుభ్రం చేసి ఐయూఐకి (నేరుగా గర్భాశయంలోకి పంపడానికి) గానీ, ఐవీఎఫ్‌కు (ల్యాబ్‌లో అండంతో కలపడానికి) గానీ వాడొచ్చు. మూత్రం ఆమ్లంగా ఉంటే కణాలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి ముందు దాన్ని సరిచేసే మందు ఇస్తారు. దీనికి ఇంట్లో వంట సోడా కలుపుకుని తాగేయకండి, అందులో సోడియం ఎక్కువ. ఏ కేంద్రానికి వెళ్లినా సంతాన సాఫల్య చికిత్సలపై వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడగండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

షుగర్ బాగా తగ్గిస్తే దెబ్బతిన్న నరాలు పూర్తిగా పూర్వస్థితికి వస్తాయని హామీ ఇవ్వలేను. ఇంకా దెబ్బతినకుండా ఆపొచ్చు. పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల ఎక్కడ చూపించుకున్నా సరే, షుగర్ కోసం ఫిజీషియన్‌ను కూడా కలిసి హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కంటి వెనక పొర చూపించుకోండి, పాదాల స్పర్శ పరీక్ష చేయమనండి, ఎనిమిదేళ్ల షుగర్‌కు ఇవి ఏటా చేయాల్సినవే. ఈసీజీ కూడా తీయించండి, లోపలి నరాలు దెబ్బతిన్నవాళ్లలో గుండెకు ఇబ్బంది వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు.

వెళ్లేటప్పుడు మామగారి మాత్ర స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి, సగం కత్తిరించింది కాదు, పేరు కనిపించేది. టామ్సులోసిన్‌తో పాటు డ్యూటాస్టెరైడ్ కలిపిన మాత్రలు మన దగ్గర చాలా వాడతారు. డ్యూటాస్టెరైడ్ వీర్యాన్ని, శుక్రకణాల సంఖ్యను కూడా తగ్గించవచ్చు, ఆపాక కూడా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఇంట్లో ఆ క్యాప్సూల్ పగిలి కారితే మీ ఆవిడ చేత్తో ముట్టుకోకూడదు, కడుపులోని మగశిశువు మీద ప్రభావం చూపవచ్చు. ఆ డబ్బా ఇప్పుడు మీ ఇంట్లో ఎవరి చేతికి అందేలా ఉందో ముందు చూడండి.