ల్యాబ్ కంప్యూటర్లలో ఏది పడితే అది ఇన్‌స్టాల్ చేయకుండా ఆపేదెలా?

అమీర్‌పేటలో 20 సిస్టమ్‌ల ట్రైనింగ్ ల్యాబ్, పిల్లలు గేమ్‌లూ టొరెంట్‌లూ ఎక్కించేస్తున్నారు, ఏ టూల్ మేలు అని కదా మీ ప్రశ్న.

ముందు అందరికీ స్టాండర్డ్ యూజర్ అకౌంట్ (అడ్మిన్ అధికారాలు లేనిది) ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. పైసా ఖర్చు లేకుండా సగం తలనొప్పి పోతుంది. సగమే ఎందుకంటే, క్రోమ్ లాంటివి అడ్మిన్ అనుమతి లేకున్నా యూజర్ సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లో దిగిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న పోర్టబుల్ గేమ్‌కైతే ఇన్‌స్టలేషనే అక్కర్లేదు.

అక్కడ పనికొచ్చేది యాప్‌లాకర్, అంటే ఏ ప్రోగ్రామ్‌లు నడవాలో రూల్స్ పెట్టే విండోస్ సొంత టూల్. విండోస్ 7 నుంచీ ఉంది. ఎగ్జిక్యూటబుల్ విభాగంలో డీఫాల్ట్ రూల్స్ పెడితే, మామూలు యూజర్‌కి ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో ఉన్న ఈఎక్స్‌ఈలే (ప్రోగ్రామ్ ఫైళ్లే) నడుస్తాయి. డౌన్‌లోడ్స్‌లోని సెటప్ మీద డబుల్ క్లిక్ చేస్తే, అడ్మినిస్ట్రేటర్ బ్లాక్ చేశారన్న బాక్స్ వస్తుంది. అప్లికేషన్ ఐడెంటిటీ సర్వీస్ ఆన్ చేయడం మరవకండి, అది నడవకపోతే రూల్స్ ఎన్ని రాసినా పనిచేయవు. ఓ వారం ఆడిట్ మోడ్‌లో (దేన్నీ ఆపకుండా, ఏవి ఆగేవో రాసి మాత్రమే పెట్టే పద్ధతి) ఉంచి, ఆ వివరాలుండే ఈవెంట్ లాగ్ చూశాకే బిగించండి. లేదంటే క్లాసు మధ్యలో పాఠానికి కావాల్సిన సాఫ్ట్‌వేరే ఆగిపోవచ్చు.

డీప్ ఫ్రీజ్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఇన్‌స్టలేషన్‌ని ఆపదు, రీస్టార్ట్ చేయగానే సిస్టమ్‌ని పాత స్థితికి తెస్తుంది. పిల్లల ప్రాజెక్టులు పోకుండా, ఫ్రీజ్ చేయని వేరే డ్రైవ్ ఉంచాలి. విండోస్‌లోనే ఉన్న ఇంకో టూల్ యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్ వీటన్నిటికన్నా గట్టిది, హార్డ్‌వేర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌నూ వదలదు. కానీ 20 సిస్టమ్‌లకు అంత బరువు వద్దంటాను.