వాళ్ళు ‘వుడ్’ అంటే మాటిచ్చినట్టు కాదు, బుజ్జీ

బుజ్జీ,

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఆసుపత్రి వాళ్ళు నర్సు ఉద్యోగానికి వచ్చే వారం నిన్ను ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేస్తారట కదా, అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి దిగులు మొదలైంది. విజయవాడలో ఐసీయూ చూసినదానివి, పని గురించి నీకు నేను చెప్పేదేం లేదు. సర్టిఫికెట్లు రెండు సెట్లు పెట్టుకో. చలికోటు అక్కడికి వచ్చాకే కొనుక్కో, మన దగ్గర దొరికేవి ఆ గాలికి ఆగవు. ఆవకాయ డబ్బా గట్టిగా సీల్ చేయించు. మిగతావన్నీ నీకే తెలుసు.

నా దిగులంతా వాళ్ళ మాటతీరు గురించి. ఓఈటీలో, అదే వైద్య సిబ్బంది రాసే ఇంగ్లీషు పరీక్షలో, మంచి గ్రేడ్ తెచ్చుకున్నావు, కాదనను. కానీ పరీక్షలో రాసే ఇంగ్లీషు వేరు, రాత్రి డ్యూటీలో అలసిపోయి ఉన్నప్పుడు చెవిన పడే ఇంగ్లీషు వేరు. ఇక్కడ బ్రిటన్‌లో వాళ్ళు సలహా చెప్పినా, కాదన్నా, మన మనసులో ఏముందో అడిగినా ‘ఇఫ్’, ‘వుడ్’ కలిపే మాట్లాడతారు. మీ సీనియర్ సిస్టర్ ‘ఐడ్ కాల్ ద డాక్టర్ ఇఫ్ ఐ వర్ యూ’ అందనుకో. ‘ఐడ్’ అంటే ‘ఐ వుడ్’ అనే. నేనైతే పిలుస్తానమ్మా అని ఊరికే తన అభిప్రాయం చెబుతోందనుకునేవు. కాదు, వెంటనే పిలువు అంటోంది. ‘ఐ వుడంట్ డూ దట్ ఇఫ్ ఐ వర్ యూ’ అంటే ఇంకా గట్టి మాట. చేతిలో ఏ పనున్నా అక్కడే ఆపెయ్.

ఇంక అసలు సంగతి. నేను ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో నర్సుల క్వార్టర్స్‌లో నా పక్క గదిలో ఒంగోలు అమ్మాయి ఉండేది. నెమ్మదస్తురాలు, పనిలో చురుకు. వాళ్ళ చెల్లెలి పెళ్ళి కుదిరింది. సెలవు కావాలని వార్డు మేనేజర్ని అడిగింది. ఆఫీసులో కూర్చుని అడగలేదు, దుప్పట్లు పెట్టే బీరువా దగ్గర, ఆవిడ హడావిడిగా వెళ్తుంటే ఆపి అడిగింది. ఆవిడ మంచి మనిషి. ఈ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ‘ఇఫ్ ఇట్ వర్ అప్ టు మీ, ఐడ్ గివ్ యూ ద హోల్ మంత్’ అంది.

ఆ ‘ఐడ్’లో చివరనున్న ‘డ్’ ఉందే, తర్వాత ‘గివ్’ వచ్చిందంటే అది దాదాపు వినపడదు. మనవాళ్ళ చెవికి అసలే వినపడదు. ఆ అమ్మాయికి వినపడిందల్లా ‘గివ్ యూ’, ‘హోల్ మంత్’. సాయంత్రం గదికొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి నెల రోజులూ ఇచ్చేశారని చెప్పింది. వాళ్ళమ్మ అవతల ఏడుపందుకుంది. రెండు రోజుల్లో టికెట్ కూడా కొనేసింది, డబ్బు వెనక్కి రాని చవక టికెట్. సెలవు ఫారం మాత్రం నింపలేదు. నోటితో ఇచ్చారుగా, ఇంకేం కావాలి అనుకుంది.

కొన్నాళ్ళకు డ్యూటీ రూమ్ గోడమీద రోటా, అంటే డ్యూటీల పట్టిక, అంటించారు. పెళ్ళి వారంలో తన పేరెదురుగా రాత్రి డ్యూటీలు. తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్ళి ‘మీరు మాటిచ్చారు’ అంది. ఆవిడ మొహం తెల్లబోయింది. ‘నా చేతిలో ఉంటే ఇచ్చేదాన్నన్నాను, ఇస్తానని నేనెప్పుడన్నాను?’ అంది. అప్పటికే వార్డులో ఇద్దరు సెలవులో ఉన్నారు, మూడో మనిషిని పంపడం ఆవిడ వల్ల కాలేదు. ఆ పిల్ల చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయింది. డబ్బు పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ వాళ్ళిద్దరూ మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకోలేదు. ఈమెకు ఆవిడ మాట తప్పిన మనిషి, ఆవిడకు ఈమె లేని మాట అంటగట్టిన మనిషి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

అదే మాట తెలుగులో, ‘నా చేతిలో ఉంటే నెలంతా ఇచ్చేదాన్నమ్మా’ అని విని ఉంటే, సెలవు లేదని ఆ అమ్మాయికి ఆ క్షణమే తెలిసిపోయేది. కాబట్టి ‘వుడ్’ చెవిన పడినా, పడిందేమోనని అనుమానం వచ్చినా, అక్కడే నిలబడి అడుగు: ‘అయితే నేను ఎన్ని రోజులకు ఫారం పెట్టమంటారు?’ తర్వాత అదే మాట ఈమెయిల్‌లో పెట్టు. మొహమాటపడకు. నీకు ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలుసా? చిన్నప్పుడు మీ నాన్న ‘చూద్దాంలే’ అంటే చాలు, సైకిల్ కొనేస్తున్నారని వీధంతా చెప్పొచ్చేదానివి. నీ ఆశ పడే గుణం నాకు ఇష్టమే తల్లీ. దాన్ని ఎవరూ నలిపెయ్యకూడదనే నా తాపత్రయం.

ఇంటర్వ్యూలోనూ ఇవే వస్తాయి. తోటి నర్సు తప్పు డోసు ఇవ్వడం చూస్తే ఏం చేస్తావని అడుగుతారు. మనవాళ్ళలో చాలామంది ‘మా వార్డులో అలా జరగదండీ’ అంటారు. అశుభం పలకకూడదని మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వాళ్ళు మాత్రం దాన్ని జవాబు ఎగ్గొట్టడం అనుకుంటారు. జరిగిందనే అనుకుని చెప్పు: ముందు పేషెంట్‌ని చూస్తాను, డాక్టర్‌కీ ఇన్‌చార్జికీ చెబుతాను, పేషెంట్ దగ్గర దాచను, ఇన్సిడెంట్ ఫారం నింపుతాను. ‘ఐ వుడ్’ అని మొదలుపెట్టు. ‘ఇఫ్’ ఉన్న ముక్కలో మాత్రం ‘వుడ్’ పెట్టకు, ‘విల్’ అసలే పెట్టకు. ‘ఇఫ్ ఐ సా’, అంటే ‘నేను చూస్తే’, అంటే చాలు. ‘సా’ అన్నంత మాత్రాన నిన్న చూశావని ఎవరూ అనుకోరు.

వార్డులో ఇంతకన్నా కష్టమైనవి వింటావు. పూర్తి స్పృహలో ఉన్న పెద్దాయన మంచం పక్కన కూర్చుని డాక్టర్ ‘మీ గుండె ఆగిపోతే మళ్ళీ కొట్టుకునేలా చెయ్యడానికి మేం ప్రయత్నించాలని కోరుకుంటారా?’ అని నెమ్మదిగా అడుగుతుంది. మనమైతే జరగరానిది జరిగితే అని కూడా పైకి అనలేక, కొడుకుని వరండాలోకి పిలిచి చెబుతాం. ఇక్కడ ఆయన్నే అడుగుతారు, ఆయన మాటే రాసుకుంటారు. మొదటిసారి నీకు గుండె దడదడలాడుతుంది. మొహం తిప్పుకోకు. ఆయన నీవైపు చూస్తాడు.

కొందరు నిన్నే అడుగుతారు, ‘నా స్థానంలో ఉంటే నువ్వేం చేస్తావమ్మా?’ అని. నువ్వు ఆపరేషనో, మాత్రలో తేల్చి చెప్పకు. ‘మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?’ అని అడుగు, డాక్టర్‌ని మళ్ళీ కూర్చోబెట్టు. ఈ జాగ్రత్త నేను పెట్టింది కాదు. గ్లాస్గో పక్కనే ఉన్న లానార్క్‌షైర్‌లో షుగర్ ఉన్న ఒక తల్లికి 1999లో కాన్పైంది. అలాంటి తల్లులకు కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం 9 నుంచి 10 శాతం. ఆ సంగతి డాక్టర్ ఆమెకు చెప్పలేదు. భుజం ఇరుక్కుంది, బిడ్డకు మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. ‘చెప్పి ఉంటే సిజేరియనే కోరుకునేదాన్ని’ అన్నదే ఆ తల్లి మాట. స్కాట్లాండ్ కోర్టులు కాదన్నాయి. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ మాట నమ్మింది. ఆమె స్థానంలో ఉన్న మనిషి ఏ ప్రమాదాన్ని ముఖ్యమనుకుంటారో అది చెప్పి తీరాలంది. ఒక ‘చెప్పి ఉంటే’ మీద అంత పెద్ద తీర్పు నిలబడింది. కన్సెంట్ ఫారం పట్టుకున్న ప్రతిసారీ ఆ తల్లి నీకు గుర్తుకు రావాలి.

అన్నీ ఇంత బరువైనవి కాదులే. టీ రూమ్‌లో ‘లాటరీ తగిలితే ఏం చేస్తావు?’ అంటారు. నేను లాటరీ కొననండీ అని ముగించెయ్యకు. నీతో కబుర్లాడాలని అడుగుతున్నారు. బీబీసీ రేడియోలో 1942 నుంచీ ఒక కార్యక్రమం వస్తోంది. ఒంటరి దీవిలో చిక్కుకుపోతే ఏ ఎనిమిది రికార్డులు, ఏ ఒక్క పుస్తకం, ఏ ఒక్క విలాస వస్తువు కావాలని వచ్చిన అతిథినల్లా అడుగుతారు. ఏ దీవికీ ఎవరూ వెళ్ళరు. ఆ వంకతో బాల్యం, అమ్మానాన్నలు, పోయిన మనుషులు, అందరూ మాటల్లోకి వస్తారు. నువ్వూ ఏదో ఒకటి చెప్పు. తెనాలిలో నాన్నకు మేడ కట్టిస్తానను, వాళ్ళు అమ్మానాన్నల గురించి అడుగుతారు, స్నేహం కుదురుతుంది.

ఆదివారం మన ఇంటి భోజనాల వేళ దాటాక ఫోన్ చెయ్యి. గంటసేపు మేనేజర్‌లా ప్రశ్నలు అడుగుతాను. ‘ఐడ్’ అని నేను వేగంగా అంటే ‘డ్’ వినపడిందో లేదో నువ్వు చెప్పాలి.

మీ అత్త